ఎనిమిది గొంతులకు ఎనిమిది దారులు

మా సంఘంలో పాట ఎత్తే మనిషి మా పెద్దమ్మ. నల్లగొండ దిక్కు ఊళ్ళ నుంచి ఒకరి వెంట ఒకరుగా వచ్చి, చంపాపేట్, కర్మన్‌ఘాట్ సందుల్లో కిరాయి ఇళ్ళలో కుదురుకున్న కుటుంబాలే మా సంఘంలో ఎక్కువ. ఎల్బీనగర్‌లో ఒక భవనం పై అంతస్తులో మా ఆరాధన జరుగుతుంది. కీబోర్డు ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, యువకులు కొత్త పాటలు హుషారుగా పాడతారు. కానీ నెలకోసారి ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె విరిచే ఆదివారం నాడు పాస్టరు అయ్యగారు బల్ల ముందు కళ్ళు మూసుకొని నిలబడగానే వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఆడవాళ్ళ వరుసలోంచి పెద్దమ్మ గొంతు లేస్తుంది. ఆమె ఒక ముక్క ఇస్తుంది, చుట్టూ ఉన్న ఏడుగురు దాన్ని అందుకుంటారు. వాళ్ళది పూర్తి కాకముందే ఆమె తర్వాతి ముక్క ఇచ్చేస్తుంది. ఒకరి గొంతు మీద ఇంకొకరి గొంతు పడుతూ, పాట అలా నడుస్తుంది.

మా పాటల పుస్తకంలో మాటలుంటాయి, పైన రాగం పేరుంటుంది. మా ఊళ్ళో పాడే వరుస మాత్రం అందులో లేదు. నాట్లేసే మడుల్లోంచి మా తాతల కాలంలో గుడిసె చర్చిలోకి వచ్చిన వరుస అది. ఆ ఎనిమిది మంది నోళ్ళలో తప్ప ఇంకెక్కడా లేదు.

దాన్ని రికార్డు చేయించాలన్న ఆలోచన నాదే. అందువల్ల జరిగిన నష్టానికి కారణం కూడా నేనే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన ఉన్న స్టూడియోకు ఎనిమిది మందినీ తీసుకుపోయాను. అక్కడి ఇంజనీరు కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. అందరికీ చల్లని నీళ్ళిచ్చాడు. కానీ అతని పద్ధతి ఒక్కొక్కరిని అద్దాల గదిలోకి పంపి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, అందులో వచ్చే టిక్కుటిక్కు ప్రకారం పాడించడం. మొదట పెద్దమ్మ వెళ్ళింది. ముక్క ఇచ్చి ఆగింది.

"ఆగకండమ్మా, కంటిన్యూ చేసేయండి" అన్నాడు ఇంజనీరు.

"వాళ్ళు అందుకుంటలేరు గద సారూ."

"వాళ్ళని తర్వాత పాడిద్దామండీ. ముందు మీరు మొత్తం పాడేసుకోండి."

"నేనొక్కదాన్నే పాడితే గది పాటెట్లయితది?"

అయినా ప్రయత్నించింది. నాలుగుసార్లు ఆమెను ఆపారు. చివరికి అతను నాతోనే, కానీ ఆమెకు వినబడేలా అన్నాడు. "తాళం నిలవట్లేదండీ. శ్రుతి కూడా అటూ ఇటూ పోతోంది. కంగారు పడకండి, సాఫ్ట్‌వేర్‌లో నేను సరిచేసేస్తాను."

మిగతా ఏడుగురు పాడకుండానే అందరం తిరిగి వచ్చేశాం. ఆ తర్వాతి రొట్టె ఆదివారం అయ్యగారు కళ్ళు మూసుకొని నిలబడ్డారు. పాట లేవలేదు. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి ఆడవాళ్ళ వైపు చూశారు. పెద్దమ్మ తల వంచుకొని కూర్చుంది. కీబోర్డు దగ్గరి తమ్ముడు ఏదో మీటి ఆ ఖాళీని నింపాడు.

ఆరాధన అయ్యాక మెట్ల మీద ఆమెను పట్టుకున్నాను.

"పెద్దమ్మా, ఎందుకు ఎత్తలేదు?"

"నాకు తాళం తెల్వదంట గద బిడ్డా. దేవునికి ఇచ్చేది కళంకం లేకుంట ఉండాలె. కుంటి గొర్రెను, గుడ్డి గొర్రెను బలిపీఠం మీద పెట్టొద్దని చిన్నప్పటి సంది ఇంటున్నం. ఇన్నేండ్లు నేను కుంటి పాటనే పెట్టిన్నంట. ఇగ పెట్ట."

నేను ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. ఆమె చెప్పిన వాక్యం సరైనదే. దాన్ని ఆమె తన మీద పెట్టుకోవడమే తప్పు. ఆ మాట నోటితో చెబితే ఆమె నమ్మదు. ఎనిమిది మందీ కలిసి పాడినదాన్ని ఉన్నదున్నట్టు పట్టి, ఆమె చెవికి వినిపించాలి. అంతకంటే వేరే దారి నాకు తోచలేదు.

లాక్‌డౌన్‌లో సంఘం ఆరాధనను ఫోన్లలోకి పంపింది నేనే. అప్పుడు కొన్న రెండు మైకుల ఇంటర్‌ఫేస్ ఇంకా ఉంది. మైకులో పడిన గొంతును కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే డబ్బా అది. దానికి ఉన్నవి రెండే దారులు. ఎనిమిది గొంతులు విడివిడిగా, కానీ ఒకేసారి లోపలికి పోవాలంటే ఎనిమిది దారులున్న డబ్బా కావాలి. ఆ గొంతుల్ని తర్వాత పెంచి తగ్గించాలంటే నా మౌస్ చాలదు. మౌస్‌తో ఒకసారి ఒక్క గొంతునే కదపగలం. మా పాటలో ఒకరు లేస్తుంటే ఏడుగురు తగ్గుతారు. అందుకని పది వేళ్ళతో పైకీ కిందికీ జరపగలిగే స్లైడర్లున్న బల్ల కూడా కావాలి. దాన్ని కంట్రోల్ సర్ఫేస్ అంటారు. దాంట్లో శబ్దం ఉండదు. కంప్యూటర్‌లో ఉన్న గొంతుల్ని బయటి నుంచి కదిపే చేతులు మాత్రమే అవి.

మూడు వారాలు ప్రార్థనలో పెట్టి, సెలవు రోజుల్లో వీటి గురించి చదివి, చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లోని సంగీత వాద్యాల దుకాణానికి నా లాప్‌టాప్ సంచీలో పెట్టుకొని వెళ్ళాను.

"సార్ రాలేదా మేడమ్?" అన్నాడు దుకాణదారు.

"ఏ సారు?"

"అదే... వాడే సారు."

"వాడేది నేనే."

అతను ఒక డబ్బా కౌంటర్ మీద పెట్టాడు. పైన పెద్ద అక్షరాల్లో పద్దెనిమిది ఇన్‌పుట్లు అని ఉంది. ఎనిమిది అడిగితే పద్దెనిమిది దొరుకుతున్నాయని ఒక్క క్షణం నా గుండె పొంగింది. కానీ చిన్నప్పటి నుంచి మా అయ్యగార్ల దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. ఒక వాక్యాన్ని ముందూ వెనుకా చదవకుండా ముక్క పట్టుకొని బోధించకూడదు. డబ్బాను తిప్పి, మైకు వైరు పట్టే రంధ్రాలను వేలు పెట్టి లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి.

"మిగతా పద్నాలుగు ఏవి భయ్యా?"

"అవి కీబోర్డు గిట్ల పెట్టనీకి, ఇంకో డబ్బా కొని కలపనీకి. మైకులైతే నాలుగే."

"ఎనిమిది మైకులు ఒక్కసారే పెట్టాలి. ఒకే గదిలో."

అతను నవ్వాడు. "ఒకే రూముల ఎనిమిది మైకులు పెడ్తే ఏమైతదో తెల్సా మేడమ్? పక్కామె గొంతు గీ మైకుల పడ్తది, ఈమె గొంతు గా మైకుల పడ్తది. అంతా ఖిచిడీ అయితది."

"ఖిచిడీయే కావాలి."

"రేపు పరేషాన్ అయి వాపస్ తెస్తరు, నేను తీస్కోను. ముందే చెప్తున్న."

లోపలి నుంచి ఇంకొకటి తెప్పించాను. మెరుపు లేని నల్ల డబ్బా, ఎనిమిది రంధ్రాలూ మైకులవే. ప్రతిదానికీ విడి మీట. నా లాప్‌టాప్‌కు తగిలించి, దుకాణంలోని మైకుల్ని ఒక్కొక్కటే గుచ్చి, అన్నీ ఒకేసారి రికార్డు అవుతున్నాయో లేదో చూసుకున్నాను. తెర మీద ఎనిమిది ఆకుపచ్చ గీతలు ఒక్కసారే లేచాయి. స్లైడర్ల బల్లల్లోనూ రెండు రకాలు చూపించాడు. ఒకే స్లైడర్‌తో ఎనిమిది గొంతుల్నీ వంతులవారీగా కదిపేది ఒకటి, గొంతుకు ఒకటి చొప్పున ఎనిమిదీ, మొత్తానికి ఇంకొకటీ ఉన్నది రెండోది. మొదటిది చూడ్డానికి ముద్దుగా ఉంది. కానీ అది నా మౌస్‌కు అక్కలాంటిదే. రెండోదే తీసుకున్నాను. దాని స్లైడర్లకు లోపల మోటార్లున్నాయి. మనం ఒకసారి కదిపింది గుర్తుపెట్టుకొని, పాట మళ్ళీ మోగినప్పుడు వాటంతటవే అలాగే కదులుతాయి.

"మేడమ్, మీరు స్టూడియో పెడ్తున్నరా?" అన్నాడు దుకాణదారు బిల్లు చేతికిస్తూ.

"లేదు, మా పెద్దమ్మతో మళ్ళీ పాడిస్తున్నాను."

మాలో ఏ కొత్త వస్తువునూ ప్రార్థన చేయకుండా వాడరు. బండైనా, కుట్టు మిషనైనా ముందు దేవునికి ప్రతిష్ఠించాలి. అయ్యగారు సాయంత్రం మా ఇంటికి వచ్చారు. ఇరుగుపొరుగు విశ్వాసులు నలుగురైదుగురు కూర్చున్నారు. పెద్దమ్మ రాలేదు. ప్రార్థన అయ్యాక అయ్యగారు చిన్న ఒలీవ నూనె సీసా తీసి ఆగారు.

"కరెంటుది గదమ్మా, నూనె పెట్టొచ్చా?"

నాకు అప్పుడు లేఖనాల్లోని గుడారం తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. అందులోని ప్రతి ఉపకరణాన్నీ నూనెతో అభిషేకించారు కదా. "పెట్టండి అయ్యగారూ" అన్నాను ధీమాగా. సైన్సు టీచర్ని నేను. ఆయన ఇంటర్‌ఫేస్ మూత మీద ఒక చుక్క అద్దారు, బాగానే ఉంది. స్లైడర్ల బల్ల దగ్గరికి వచ్చేసరికి సీసా కొంచెం వంగింది. మొదటి స్లైడర్ కదిలే సన్నని చీలికలోకి నూనె ధారగా జారిపోయింది. అందరూ "ఆమేన్" అన్నారు.

తెల్లవారి తగిలించి చూస్తే ఎనిమిది స్లైడర్లు నాట్యం చేస్తున్నాయి, మొదటిది మొరాయించింది. వేలితో తోస్తే బంకలా కదులుతుంది, వదిలితే మధ్యలో వణుకుతుంది. దుకాణానికి ఫోన్ చేశాను.

"నూనె పోసిన్రా?" అని అరిచాడు. పక్కవాళ్ళకు చెప్పి నవ్వడం నాకు వినబడింది. "ఏం నూనె మేడమ్? పల్లీదా?"

"ఒలీవ."

"మంచి నూనెనే. సర్వీసుకియ్యండి, నెలైతది."

నెల అంటే నా దసరా సెలవులు అయిపోతాయి. మళ్ళీ రొట్టె ఆదివారం వచ్చి పోతుంది. ఏం చేయాలో తోచక పెద్దమ్మ దుకాణానికి వెళ్ళాను. చంపాపేట్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, చీరలకు ఫాల్స్, పికో కుట్టే చిన్న గది ఆమెది. నా బాధ చెప్పుకుందామనే వెళ్ళాను. నూనె అనగానే ఆమె మిషన్ తొక్కడం ఆపింది.

"ఎక్కడ పోసిన్రు?"

"జారే చోట."

"గుడ్డ తగిలే చోట, జారే చోట పోస్తరా ఎవరన్న? అయ్యగారికంటె తెల్వదు, నీకేమైంది? సదువుకున్నవ్ గదా." చీర పక్కన పెట్టి లేచింది. "నడువ్, చూద్దాం."

దారిలో మెడికల్ షాపులో స్పిరిట్ కొనిపించింది. ఇంటికొచ్చి, వైర్లన్నీ పీకించి, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుంది. తన సంచీలోంచి పొడుగాటి సూది తీసి, దానికి దూది సన్నగా చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఆ చీలికలోకి దింపింది. ఒకసారి తుడవడం, దూది పారేయడం, మళ్ళీ చుట్టడం. ముప్పై ఏళ్ళుగా మిషన్ల నూనెతో వేగిన చేతులవి. గంటసేపు తుడుస్తూనే ఉంది. మధ్యలో తల ఎత్తకుండా అడిగింది.

"గీ పుల్లలు ఇన్నెందుకే?"

"మీరు ఎనిమిది మంది కదా పెద్దమ్మా. ఒక్కొక్కరికి ఒకటి, మొత్తానికి ఒకటి."

సూది ఆగింది. "ఒక్కొక్కరం పోయి పాడాల్నా మల్ల?"

"లేదు. అందరూ ఒక్కసారే. మా హాల్లోనే, కింద చాప మీద. అద్దాల గది లేదు, చెవులకేమీ లేదు, టిక్కుటిక్కు లేదు. నువ్వివ్వు, వాళ్ళు అందుకుంటారు. ఈ డబ్బా అంతా పట్టుకుంటుంది."

ఆమె ఇంకో దూది చుట్టింది. ఆరనిచ్చి, వైరు తగిలించమంది. మొదటి స్లైడర్ సన్నగా చప్పుడు చేసి కింది నుంచి పైదాకా జారింది, దిగింది. తొమ్మిదీ ఒక్క తీరుగా కదిలాయి. ఆమె దాన్ని వేలితో ఒకసారి పైకి తోసి చూసింది.

"మంగళవారం, శనివారం వద్దు. కర్మన్‌ఘాట్ గుడి దగ్గర మైకులుంటయి. బేస్తవారం పెట్టు" అంది.

గురువారం పొద్దున మంచాలు బయట పెట్టి, కిటికీలకు బొంతలు కట్టాను. ఫ్రిజ్ ఆపాను, ఫ్యాన్ ఆపాను. పక్కింటి ఆమెను కుక్కర్ కాసేపు పెట్టొద్దని బతిమాలాను. ఎనిమిది మంది గుండ్రంగా చాప మీద కూర్చున్నారు. మైకులు చూసి, మెయిన్ రోడ్డు మీద కూరగాయల బండి పెట్టే చిన్నమ్మ అందరికంటే ముందు నోరు విప్పింది.

"నాది జర దూరం పెట్టు బిడ్డా. టమాటలని అరిచే గొంతుకు మైకెందుకు? పేలిపోతది."

"నీది వాకిట్ల పెడ్తది" అంది ఇంకొకామె. నవ్వులన్నీ ఎనిమిది గీతల మీద ఎగిరిపడ్డాయి. ఎవరూ కంప్యూటర్ వైపు చూడకపోవడం గమనించి, చడీచప్పుడు లేకుండా రికార్డు మీట నొక్కాను.

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. కళ్ళు మూసుకుంది. నేను లోపల ప్రార్థిస్తూనే ఉన్నాను, మాటలు లేకుండా. అప్పుడు ఆమె ఎత్తింది. మొదటి ముక్క కొంచెం వణికింది. ఆమె ఆగింది. ఏడుగురు అందుకున్నారు. ఇంటి గోడల మధ్య ఆ గొంతులు అంత దగ్గరగా వినడం నాకదే మొదలు. రెండో ముక్కకు ఆమె వీపు నిటారుగా అయింది. రెండో చరణంలో నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానమొకటి ఇంటి మీదుగా గర్రుమంటూ పోయింది. ఎవరూ ఆగలేదు.

పాట అయ్యాక అడిగాను. "విమానం పడింది. ఇంకోసారి పాడదామా?"

"పోతె పోనియ్" అంది పెద్దమ్మ. "ఊర్ల బర్లు అరుస్తుంటె పాడలేదా మనం?"

ఆరు పాటలు పాడారు. తర్వాత స్పీకర్లు పెట్టి వినిపించాను. అందరూ తమ గొంతు విని సిగ్గుపడి ఒకరినొకరు గిల్లుకున్నారు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు.

"నాదొక్కటే పెట్టు. తప్పేడుందో చూడాలె."

మిగతా ఏడుగురి స్లైడర్లనూ కిందికి లాగేశాను. గదిలో ఆమె గొంతు ఒక్కటే మిగిలింది. ముక్క ఇచ్చింది, ఆగింది. ఆ ఆగిన చోట, ఆమె మైకులోనే, దూరంగా, పలచగా ఏడుగురి గొంతులూ వినబడ్డాయి. దుకాణదారు ఖిచిడీ అన్నది దీన్నే. ఆమె మళ్ళీ ఇచ్చింది. వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగింది, ఒక్కచోట కూడా వాళ్ళ ఊపిరి తెగనివ్వలేదు.

పాట మొత్తం విన్నది. ఆ తర్వాత తన స్లైడర్ మీద వేలు పెట్టింది.

"నా దాంట్ల గూడ వాళ్ళున్నరు" అంది. "తప్పేం లేదు గదా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా."

"కుంటుతలేదు?"

"ఎక్కడా కుంటలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కూరగాయల చిన్నమ్మ "స్తోత్రం!" అని కేక పెట్టింది. పక్కింటి ఆమె ఏమైందోనని తలుపు తట్టింది.

మరుసటి రోజు నుంచి స్లైడర్ల ముందు కూర్చున్నది పెద్దమ్మే. ఆమెకు చదువు రాదు కాబట్టి నేను అంటించిన పేర్ల చీటీలు పనికిరాలేదు. వాటిని పీకేసి, ఆ రోజు ఎవరు ఏ రంగు చీర కట్టారో గుర్తు చేసుకొని, తన సంచీలోని గుడ్డ ముక్కల్లోంచి ఆ రంగువే కత్తిరించి ప్రతి స్లైడర్ కింద అంటించింది. పసుపుది కూరగాయల చిన్నమ్మ. ముదురు ఆకుపచ్చది తనది. ఆమె ఎవరి గొంతు పెంచుతుందో అని చూస్తున్నాను. ముక్క ఇచ్చేటప్పుడు తన స్లైడర్ పైకి తోసి, చివరి అక్షరం ఇంకా నోట్లో ఉండగానే దాన్ని కిందికి లాగి, అదే ఊపులో మిగతావాళ్ళను లేపింది. ఆ దిగడంలోనే పాటంతా ఉందని నాకు అప్పుడు తెలిసింది. చిన్నప్పటి నుంచి వింటున్న నాకు అందని సంగతి ఆమె వేళ్ళు చూస్తే అందింది.

సాయంత్రం అందరూ వినడానికి వచ్చారు. మీట నొక్కగానే స్లైడర్లు వాటంతటవే లేవడం, దిగడం మొదలుపెట్టాయి. కూరగాయల చిన్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మో! ఎవరు తోస్తుర్రు గవి?"

"నేనే" అంది పెద్దమ్మ, చేతులు ఒళ్ళో పెట్టుకొని హాయిగా కూర్చుని. "పొద్దుగాల తోసిన. ఇప్పుడు పోతున్నయి."

ఆ వారమే రొట్టె ఆదివారం. రికార్డు చేయడానికి అన్నీ మోసుకుపోదామా అనుకొని, వద్దని ఇంట్లోనే వదిలి వెళ్ళాను. అయ్యగారు బల్ల ముందు కళ్ళు మూసుకున్నారు. కీబోర్డు ఆగింది. నేను కళ్ళు మూసుకోలేకపోయాను, ఆడవాళ్ళ వరుసనే చూస్తున్నాను.

పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడింది. అంతకుముందు ఎప్పుడూ నిలబడి పాడలేదు. ఎప్పటికంటే ఒక మెట్టు పైన పాట ఎత్తింది. ఏడుగురు అందుకున్నారు. రెండో ముక్కకు మగవాళ్ళ వరుస అందుకుంది. కీబోర్డు దగ్గరి తమ్ముడు చేతులు ఒళ్ళో పెట్టుకొని గొంతు కలిపాడు. మూడో చరణానికి అయ్యగారి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఆయన రొట్టె పట్టుకొని విరవకుండా నిలబడి ఉన్నారు. పెద్దమ్మ ఆయన వైపు చూసి, ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తి, తర్వాతి చరణం ఇచ్చింది. మేమంతా అందుకున్నాము.